పాఠశాల బస్సు – దాని నిర్మాణము

విద్యార్థులారా! ఉదయము ఎనిమిది గంటలు కాకమునుపే హోసూరు వీధులలో పసుపుపచ్చని బస్సులు బారులు తీరి పోవుచుండుట మీరు నిత్యము చూచుచున్నారు. మీలో పెక్కురు నడచియో, సైకిలుపైననో, ప్రభుత్వ బస్సులోనో బడికి వచ్చువారే. అయినను మీ తమ్ములో, చెల్లెండ్రో, పొరుగింటి బిడ్డలో ఆ పచ్చని బస్సులలో పోవుచునే యుందురు. ఆ బస్సును చూడగానే మనకు ముందుగా కనబడునది రంగు. పిదప దానిపైనున్న అక్షరములు. ఈ రెండును అవసరమైనవే. బస్సు వెలుపలనున్న బిడ్డను ఇవి కొంతవరకు కాపాడును. కాని లోపల కూర్చుండిన బిడ్డను కాపాడునవి వేరు. అవి రంగు క్రింద మరుగుపడియుండు ఇనుపకమ్ములు, వాని అతుకులు, కాలిక్రింది పలకలు, ముందరి ఆసనపు వీపు. వానిని గూర్చియే ఈ పాఠము. తల్లిదండ్రులు కూడ దీనిని చదివిన బాగుండునని మా కోరిక.

బస్సును అర్థము చేసికొనుటకు మన తాతల నాటి గూడుబండిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వడ్రంగి ఇరుసు, చక్రములు, నొగలు కూర్చి బండిని కట్టును. దానిపై వెదురుబద్దలను విల్లువలె వంచి నిలిపి, మేదరి అల్లిన తడికను కప్పినచో గూడుబండి యగును. అనగా బండి యొకరి పని, గూడు మరియొకరి పని. బస్సునందును ఇట్లే రెండు భాగములు గలవు. నొగలవలె పొడవుగా సాగిన రెండు ఉక్కు దూలములు, వానిని కలుపు అడ్డదూలములు, ఇంజను, ఇరుసులు, చక్రములు, ఆపుసాధనములు – ఇవన్నియు చేరినది ఛాసిస్. దానిపై నిలుపు గదివంటి కట్టడమే బాడీ. మేము ఇక ముందు ఛాసిస్‌ను బండి యనియు, బాడీని గూడు అనియు పిలిచెదము. మన హోసూరులో అశోక్ లేలాండ్ వారి కర్మాగారములు గలవు గనుక, గూడు లేని బండ్లు కృష్ణగిరి రహదారిపై పోవుచుండుట మన పిల్లలకు వింత కాదు.

గూడు బలము బండి బలముతో సమానముగా నుండవలెనను సంగతి పెద్దలకు ఆలస్యముగనే తెలిసినది. అమెరికా దేశమున జార్జియా రాష్ట్రములో ఆల్బర్ట్ లూస్ అను ఫోర్డు కార్ల వర్తకుడొకడు ఉండెను. 1925లో ఆయన యొద్ద నొకడు పనివారిని చేరవేయుటకు బస్సు కోరగా, కొయ్యతో గూడు కట్టించి యిచ్చెను. ఆనాటి గతుకుల బాటలపై తిరిగి తిరిగి, కొన్నవాడు వాయిదాల సొమ్ము తీర్చకమునుపే ఆ గూడు కీళ్లు వదలి ఊడిపోజొచ్చెను. కొయ్య మంచిదే, చెడినవి అతుకులు. మేకు కొట్టినచోట రంధ్రము నానాటికి పెద్దదై, ఒక పలక మరియొక పలకతో రాసికొని వదులగుచుండెను. లూస్ దీనిని గ్రహించి, 1927లో ఉక్కు కమ్ములనే ప్రధానముగా నిలిపి, కొయ్యను సహాయముగా మాత్రమే వాడి, ఫోర్డు బండిపై చిన్న బస్సు నొకటి నిర్మించెను. అది పాఠశాల బస్సుగా పనిచేసినది. ఆ బస్సు నేడు డియర్‌బర్న్ నగరములోని హెన్రీ ఫోర్డు వస్తుప్రదర్శనశాలలో నున్నది. లూస్ స్థాపించిన సంస్థ పేరు బ్లూ బర్డ్, అనగా నీలిపిట్ట. పసుపుపచ్చని బస్సులు చేయువారికి ఆ పేరు కుదిరినది!

అప్పటికి ఒక్కొక్క ఊరి బస్సు ఒక్కొక్క రీతిగా నుండెడిది. కొలతలు వేరు, రంగులు వేరు, తలుపులు వేరు. కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఉపాధ్యాయ కళాశాలలో గ్రామీణ విద్యను బోధించు ఫ్రాంక్ సిర్ అను ఆచార్యుడు దేశమంతటి పరిస్థితులను విచారింపగా, కొన్ని తావులలో గోధుమలు మోయు గుఱ్ఱపుబండ్లలో బిడ్డలు బడికి పోవుచున్నట్లు తేలెను. ఆయన 5,000 డాలర్ల విరాళము సంపాదించి, 1939 ఏప్రిల్ నెలలో న్యూయార్కున ఏడు దినముల సభ జరిపెను. 48 రాష్ట్రముల ప్రతినిధులతో పాటు బస్సులు కట్టువారును, రంగులు చేయు సంస్థల యింజనీర్లును వచ్చిరి. ఆ సభ 44 ప్రమాణములను నిర్ణయించెను: గూటి పొడవెంత, కప్పు ఎత్తెంత, నడుమ దారి వెడల్పెంత అను కొలతలు వానిలో నుండెను. దీనివలన రెండు లాభములు కలిగెను. బిడ్డలకు రక్షణ పెరిగెను. ఊరికొక కొలతతో కట్టు బాధ తప్పి, ఒకే అచ్చులో పెక్కు బస్సులు తయారగుటచే ఖర్చు కూడ తగ్గెను.

రంగు సంగతి కూడ ఆ సభలోనే తేలినది. లేత నిమ్మపండు ఛాయ మొదలుకొని ఎఱ్ఱ నారింజ వరకు గల పలు రంగుల పట్టీలను గోడకు వ్రేలాడదీసి, వానిలో నొకదానిని ఏరిరి. అది మన పసుపుకొమ్ము ఛాయకన్న కొంచెము నారింజ వైపు మొగ్గినది. తెల్లవారుజామున, మునిమాపువేళ కూడ దానిపై నల్లని అక్షరములు చక్కగా కనబడుటయే ఆ ఎన్నికకు ముఖ్య కారణము. కన్ను వెలుగులో మిక్కిలి తేలికగా గుర్తించు రంగులు ఆకుపచ్చకును పసుపునకును నడుమ నుండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ప్రక్కచూపునకు సహితము పసుపు త్వరగా తగులును. (తెలుగున 'పచ్చ' యనిన ఆకు రంగును, పసుపు రంగును కూడ, అందుచేతనే 'పసుపుపచ్చ' యని విడదీసి చెప్పుచున్నాము. మన తమిళ మిత్రులకు 'మంజళ్' అను నొకే మాట పసుపుకొమ్మునకును, ఆ రంగునకును చెల్లును.)

ఇక అసలు విషయమునకు వత్తము. అతుకు బలమనగా నేమో తెలిసికొనుటకు ఇంటియొద్ద ఒక పరీక్ష చేయుడు. పాత నోటుపుస్తకపు అట్టనుండి ఒకే వెడల్పు గల మూడు పట్టీలు కత్తిరింపుడు. మొదటిదానిని అట్లే యుంచుడు. రెండవదానిని నడిమికి కోసి, రెండు ముక్కల అంచులను ఒకదానిపై నొకటి వేసి, దారముతో ఒకేయొక కుట్టు వేయుడు. మూడవదానిని అట్లే కోసి, అంచుల నడుమ జిగురు పూసి, పైన తగినంత ఎడముతో నాలుగైదు కుట్లు వేయుడు. ఒక్కొక్క పట్టీని మేకునకు వ్రేలాడదీసి, క్రింద చిన్న సంచి కట్టి, అందు గులకరాళ్లను ఒకటొకటిగా వేయుచు ఎన్నింటికి తెగునో లెక్కింపుడు. ఒక కుట్టు పట్టీ వెంటనే తెగును. అది కాగితము బలహీనతచే తెగలేదు, అతుకు బలహీనతచే తెగినది. ఇంకొక వింత కూడ చూడుడు: కుట్లు మరీ దగ్గర దగ్గరగా వేసినచో, తపాలాబిళ్ల అంచువలె పట్టీ ఆ రంధ్రముల వరుస వెంటనే చిరుగును. కావున రివెట్లు తక్కువైనను కీడే, వాని నడుమ తగిన ఎడము లేకపోయినను కీడే. ఎంత ఎడమున్న తగునో లెక్కకట్టి చెప్పుటయే ఇంజనీరు పని.

అమెరికా ప్రభుత్వము 1977 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలుపరచిన నియమములలో నొకటి సరిగా ఈ పరీక్షయే. గూటి రేకులను కలుపు అతుకు, ఆ రేకులలో బలహీనమైనదాని బలములో కనీసము 60 శాతము ఉండి తీరవలెను. మీ మొదటి పట్టీ నూరు రాళ్లకు తెగినచో, అతికిన పట్టీ అరువది రాళ్లనైన మోయవలెనన్నమాట. ఏల ఇంత పట్టుదల? బస్సు దేనికైన ఢీకొన్నప్పుడు అతుకు విడిపోయినచో, ఆ రేకు అంచు కత్తియగును. విడిన సందునుండి బిడ్డ వెలుపలికి విసరబడును.

రెండవ నియమము కప్పును గూర్చినది. బస్సు దొరలిపడినప్పుడు దాని బరువు కప్పుపై పడును. కావున బస్సుపై పెద్ద పలకనుంచి, ఖాళీ బస్సు బరువునకు ఒకటిన్నర రెట్లు బలముతో అదుముదురు. ఎనిమిది టన్నుల బస్సైనచో పండ్రెండు టన్నులు. అప్పుడు కప్పు 130 మిల్లీమీటర్లకు మించి దిగరాదు. అంతేకాక, ఆ బరువు పైనుండగనే అత్యవసర ద్వారములు తెరుచుకొనవలెను. ఈ చివరిమాట మాకు మిక్కిలి నచ్చినది. కప్పు నిలిచినను తలుపు బిగిసిపోయినచో లోపలివారికి ఫలమేమి?

మూడవది ఆసనములను గూర్చినది. గ్రుడ్లను అట్ట గూళ్లలో నుంచి పంపుట చూచియుందురు. అదే ఉపాయము. ఆసనములను దగ్గర దగ్గరగా నమర్చి, వాని వీపులను ఎత్తుగా కట్టి, రెండు ప్రక్కలను మెత్త పట్టించి, ఢీకొన్నప్పుడు కొంచెము వంగి దెబ్బను తాము గ్రహించునట్లు చేయుదురు. ముందునకు విసరబడిన బిడ్డ ముందరి ఆసనపు మెత్తను తాకి ఆగును. మొదట ఆ వీపు ఎత్తు 20 అంగుళములు. 2009 అక్టోబరు తరువాత తయారైన బస్సులకు 24 అంగుళములు విధించిరి. అయితే ఈ ఏర్పాటు ముందునుండి వచ్చు దెబ్బకు పనికివచ్చినట్లు ప్రక్కనుండి వచ్చు దెబ్బకును, దొరలుటకును చాలదు. అందుచేత నడుమునకును భుజమునకును పట్టు బెల్టులు కూడ ఉండవలెనని 2018లో అక్కడి రవాణా భద్రతా సంఘము రాష్ట్రములకు సూచించెను.

నియమము కాగితముపైనుండుటకును బస్సులోనుండుటకును గల భేదము కెంటకీ రాష్ట్రమున కరాల్టన్ అను ఊరియొద్ద 1988 మే 14వ తేదీ రాత్రి కనబడినది. పాఠశాల సేవనుండి విరమించి ఒక చర్చి చేతిలోనున్న బస్సులో పిల్లలును పెద్దలును విహారమునుండి తిరిగి వచ్చుచుండిరి. త్రాగి బండి నడుపుచు ఎదురు దారిన వచ్చిన వాడొకడు దానిని ఢీకొట్టెను. ఆ తాకిడికి బస్సులో ఒక్కరును చనిపోలేదు. కాని ముందరి తలుపు బిగిసిపోయెను. కవచము లేని ఇంధనపు తొట్టి పగిలి మంటలు లేచెను. ఆసనముల మెత్త అంటుకొని విషపు పొగ క్రమ్మెను. వెనుకనున్న ఒకే ద్వారమువైపు అందరును త్రోసికొనిరి. 27 మంది ప్రాణములు పోయెను. 1977 నియమములు అమలులోనికి వచ్చుటకు తొమ్మిది దినములు ముందు ఆ బస్సు బండి తయారైయుండెను. తొమ్మిది దినములు ఆలస్యముగా తయారైయున్నచో ఇంధనపు తొట్టికి ఇనుప పంజరము వచ్చియుండెడిది.

మన దేశపు సంగతి చూతము. 1997 నవంబరు 18న ఢిల్లీలో వజీరాబాదు వంతెనపైనుండి పాఠశాల బస్సు యమునలో పడి 28 మంది బిడ్డలు మరణించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో సుప్రీము కోర్టు పాఠశాల బస్సులకు కొన్ని విధులు నిర్ణయించెను. ముందును వెనుకను 'స్కూల్ బస్' అని వ్రాయుట, ప్రథమచికిత్స పెట్టె, అగ్నిమాపక సాధనము, కిటికీలకు అడ్డకమ్ములు, వేగనియంత్రణ యంత్రము, గట్టి గొళ్లెముగల తలుపు, పాఠశాల పేరును టెలిఫోను సంఖ్యయు, పుస్తకముల సంచులకు చోటు, బిడ్డలను కనిపెట్టుకొనియుండు సహాయకుడు – ఇవి వానిలో ముఖ్యమైనవి. తరువాత వాహన పరిశ్రమ ప్రమాణములలో ఏ.ఐ.ఎస్. 052 అనునది బస్సుల గూళ్ల నిర్మాణమునకును, ఏ.ఐ.ఎస్. 063 అనునది పాఠశాల బస్సులకును ఏర్పడినవి.

మన దేశమున గూడు కట్టు పని రెండు విధములుగా జరుగును. కొన్ని సంస్థలు బండిని, గూడును ఒకేచోట తయారుచేయును. ధారవాడలో టాటా వారి బస్సు కర్మాగారము అట్టిది. రెండవ విధమున బండిని మాత్రము కొని, గూడు కట్టువారి యొద్దకు తోలుకొనిపోవుదురు. ఈ పనికి మన రాష్ట్రమున కరూరు పేరుగాంచినది. దుప్పట్లకును దోమతెరలకును కరూరు ఎట్లు ప్రసిద్ధమో, బస్సు గూళ్లకును అట్లే. పని జరుగు క్రమము ఇది: ముందు బండి దూలములపై అడ్డకమ్ములు బిగించి నేలకు ఆధారము చేయుదురు. ప్రక్కల నిలువుకమ్ములను అచ్చులో నుంచి వెల్డింగు చేసి నిలిపి, వానిపై విల్లువలె వంచిన కప్పుకమ్ములను కూర్తురు. ఇచట చూచిన మన గూడుబండి వెదురుబద్దలే జ్ఞప్తికి వచ్చును. ఈ అస్థిపంజరమునకు తుప్పు పట్టకుండ పూత పూసిన పిదప వెలుపలి రేకులు, లోపలి రేకులు, నేలపలకలు, విద్యుత్తు తీగలు, అద్దములు, ఆసనములు వరుసగా వచ్చును. రంగు వేయుట చివరి దశలలోనిది. వాననీరు లోనికి జొరబడునో లేదో చూచుటకు జల్లుక్రింద నిలిపి పరీక్షింతురు. నీరు జొరబడినచోటనే తుప్పు పుట్టును గనుక, ఈ పరీక్ష కేవలము సంచులు తడియునేమో యని చేయునది కాదు.

పెద్దల బస్సునకే పచ్చరంగు పూసినచో పాఠశాల బస్సు కానేరదు. ఒకటవ తరగతి బిడ్డ మోకాలి ఎత్తును, చేయి అందు దూరమును ఎఱిగి మెట్లను, పట్టుకమ్మిని అమర్చవలెను. కిటికీ కమ్ముల నడుమ తల దూరరాదు. పెద్దవాని ఆసనముపై చిన్నబిడ్డ కూర్చున్నచో కాళ్లు నేలకందక వ్రేలాడును. ఆపుసాధనము గట్టిగా త్రొక్కిన క్షణమున ఆ బిడ్డ జారిపడును. ఇంకొక చిక్కు బస్సు వెలుపల నున్నది. పొడవైన ముక్కుగల బస్సునకు సరిగా ఎదుట నిలిచిన పొట్టిబిడ్డ డ్రైవరునకు కనబడడు. లూస్ 1948లో పారిస్ మోటారు ప్రదర్శనలో ముక్కులేని చదునుముఖపు బస్సును చూచి, ఆ పద్ధతిని తన దేశమునకు తెచ్చెను. దానినుండి పుట్టిన 'ఆల్ అమెరికన్' అను నమూనా నేటికిని తయారగుచున్నది. ఈ రకపు బస్సులో డ్రైవరు ముందుకు కూర్చుండుటచే ఎదుటి నేల ఎక్కువగా కనబడును. అయినను అద్దములు సరిగా అమర్చనిచో ఇదియు చాలదు. అమెరికాలో బస్సు లోపలకంటె, ఎక్కునప్పుడును దిగునప్పుడును బస్సు చుట్టునే ఎక్కువమంది బిడ్డలు మరణించుచున్నారని లెక్కలు తెలుపుచున్నవి.

చివరకు నేల సంగతి. దీనిని మేము కావలెననియే చివరకు ఉంచితిమి. 2012 జూలై 25న చెన్నైకి చేరువనున్న తాంబరము ప్రాంతములో రెండవ తరగతి బాలిక యొకతె తాను కూర్చున్న ఆసనము క్రింది నేలలోనున్న రంధ్రమునుండి రోడ్డుపై జారిపడి, వెనుక చక్రము క్రింద మరణించెను. ఎవరును ఢీకొట్టలేదు, బస్సు దొరలలేదు. నేలలో రంధ్రముండెను, అంతే. ఆ బస్సునకు అంతకు కొలదికాలము ముందే యోగ్యతాపత్రము లభించియుండెను. మద్రాసు హైకోర్టు తానుగా విచారణ చేపట్టెను. ఆ యేడే తమిళనాడు ప్రభుత్వము పాఠశాల బస్సులకు ప్రత్యేక నియమములు చేసినది. వేసవి సెలవులలో రవాణాశాఖవారు పాఠశాలల బస్సులను ఒకచోట నిలిపి పరీక్షించుచున్నారు.

నేల ఎట్లు చెడును? పలకలు బిగించిన మరలచుట్టు నీరు చేరును. బిడ్డల చెప్పుల బురద, ఒలికిన నీళ్లసీసాలు, చక్రములు చిమ్మిన వాననీరు – పైనుండియు క్రిందినుండియు తడి తగులుచునే యుండును. చెక్కపలక మెత్తబడును; ఇనుపకమ్మి తుప్పుపట్టి పలుచబడును. పైనున్న రబ్బరుచాప మాత్రము చక్కగా కనబడుచుండును. చక్రములకు పైగా నుండు తావులును, తలుపుచెంత మెట్టును, కడపటి ఆసనముల క్రిందను ముందుగా చెడును. అడుగు పెట్టినప్పుడు నేల స్ప్రింగువలె ఊగినచో, చాప ఒకచోట కుంగినచో, పాత రేకుపై క్రొత్త రేకుముక్క అతికియున్నచో, చాపనెత్తి చూపుమని అడుగవలెను.

అట్లు అడుగుటకు తల్లిదండ్రులకు అధికారము కలదా యని కొందరు సందేహింతురు. కలదు. 1997 నాటి విధులలోనే, ఈ రక్షణలు అమలగుచున్నవో లేదో చూచుటకు తల్లిదండ్రులు గాని సంరక్షకులు గాని ఉపాధ్యాయుడు గాని ఆ బస్సులో ప్రయాణము చేయవచ్చునని యున్నది. ఒకనాడు బస్సెక్కి కడపటి వరుసవరకు నడచి, అత్యవసర ద్వారమును ఒకమారు తెరచి చూపుమనుడు. దానికి అడ్డముగా సంచులు గాని, అదనపు ఆసనము గాని ఉన్నదేమో చూడుడు. యోగ్యతాపత్రము ఏ తేదీవరకు చెల్లునో అడుగుడు. ఆ కాగితము ఇంగ్లీషులోనో తమిళములోనో ఉండును. తెలుగు మాత్రమే చదువనేర్చిన తండ్రికి దానిని చదివి, తేదీ చెప్పి, దాని అర్థము తెలుగున వివరించు పని, ఎనిమిదవ తరగతి దాటిన విద్యార్థులారా, మీది.